పెట్టే చేతికి వేరే పని చెప్పండి

"ఒక్కటి తింటే ఏమైతది? పండగపూట వద్దనొద్దు!"

ఈ మాట వినని ఇల్లాలు ఎవరైనా ఉన్నారా, చెప్పండి! పెళ్ళి పంక్తిలో వింటాం, పేరంటంలో వింటాం, రైలు దిగి చుట్టాలింటి గడప తొక్కామో లేదో అప్పుడే వింటాం. వినడమేనా, మనమూ పదిమందితో అంటాం. అనేవాళ్ళ మనసులో చెడు ఏమీ ఉండదు, ప్రేమతోనే అంటారు. చక్కెర మానేసిన వాళ్ళకు చిక్కంతా అక్కడే. గిట్టనివాళ్ళు పెడితే వద్దనడం ఎంతసేపు? కావలసినవాళ్ళు కొసరి కొసరి పెడుతుంటే వద్దనడమే కష్టం.

ఇంట్లో ఉన్నంత సేపు పథ్యం బాగానే నడుస్తుంది. వంటిల్లు మన చేతిలోనే ఉంటుంది, చక్కెర డబ్బా పై అరలోకి ఎక్కించేస్తే సరి. గడప దాటితేనే తిప్పలు మొదలు. ఈ వారం ఆ గడప దాటిన తర్వాతి సంగతులే మాట్లాడుకుందాం.

ముందుగా ఒక మాట. నేను డాక్టర్ని కాను, ఇంటర్ దాకా చదువుకున్న మామూలు గృహిణిని. పుట్టిల్లు తాండూరు, అత్తవారిల్లు వికారాబాద్. ఆరేళ్ళుగా షుగరుతో కాపురం చేస్తున్నాను. డాక్టర్లు చెప్పినవీ, చదివి తెలుసుకున్నవీ, నాకు అనుభవంలో పనికొచ్చినవీ కలిపి రాస్తున్నాను. మందులూ మోతాదుల విషయం మాత్రం మీ డాక్టరుగారినే అడగండి.

ఎందుకింత పట్టింపు?

ఇది నా ఒక్కదాని గొడవ, మీ ఒక్కరి గొడవ కాదండీ. భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళు దేశమంతటా సర్వే చేయించి 2023లో లెక్కలు బయటపెట్టారు. 2021 నాటికే మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉందట. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారట. అంటే ఏ పెళ్ళి పందిట్లో చూసినా పంక్తికి ఇద్దరు ముగ్గురు మనలాంటి వాళ్ళు ఉండి తీరతారు. కొందరికి తెలుసు, కొందరికి ఇంకా తెలియదు.

పరగడుపున రక్తంలో చక్కెర 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 దాకా ఉంటే అంచున ఉన్నట్టు. 126, ఆపైన వస్తే, ఇంకోసారి చూసి షుగరు ఉందని తేలుస్తారు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటుంది, హెచ్‌బిఎ1సి అంటారు. అది 6.5, ఆపైన ఉన్నా షుగరు కిందే లెక్క. ఈ మూడు నెలల పరీక్షను మాత్రం మోసం చెయ్యలేం సుమా! పరీక్షకు ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకున్నా, నెల కిందటి పెళ్ళి విందుల సంగతి అది చెప్పనే చెబుతుంది.

షుగరు లేనివాళ్ళకు కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక హద్దు గీసింది. మనం పైనుంచి వేసుకునే చక్కెర, బెల్లం, తేనె లాంటివన్నీ కలిపి రోజు మొత్తం తిండి శక్తిలో పదో వంతు దాటకూడదంది. అందులో సగానికి, అంటే సుమారు 25 గ్రాములకు తగ్గిస్తే ఇంకా మంచిదంది. 25 గ్రాములంటే ఆరు టీ చెంచాలు.

ఇప్పుడొక లెక్క వెయ్యండి. శ్రావణ శుక్రవారం సాయంత్రం అయిదిళ్ళకు పేరంటానికి వెళ్ళామనుకోండి. ఇంటింటికీ ఒక కప్పు టీ. కప్పుకు రెండు చెంచాల చక్కెర. చెంచాకు 4 గ్రాములే వేసుకున్నా అయిదు కప్పులకు 40 గ్రాములు! ఇంకా లడ్డూ ముట్టనే లేదు, పరమాన్నం నోట్లో పెట్టనే లేదు. "నేనేం తిన్నానమ్మా, అందరిళ్ళల్లో ఉట్టి చాయ్ తాగొచ్చిన" అంటాం. ఆ ఉట్టి చాయే 25 గ్రాముల గీత దాటించేసింది.

"చక్కెర మానేశాను, బెల్లమే వాడుతున్నాను" అనే అక్కయ్యలు చాలామంది ఉన్నారు. బెల్లంలో ఇనుము కాస్త ఉన్న మాట నిజమే. కానీ అందులో ఎక్కువ భాగం చక్కెరే. రక్తంలోకి వెళ్ళాక ఇది చెరుకు పంచదార, ఇది పాకం బెల్లం అని శరీరం విడిగా చూడదు. తేనె సంగతీ అంతే. పోలెల్లో బెల్లం వేశాం కదా అని నాలుగు తింటే, నాలుగింటి చక్కెరా లెక్కలోకి వస్తుంది.

పెట్టే చేతికి పని

ఇక అసలు సంగతికి వస్తాను. పదిమందిలో పథ్యం చెడగొట్టేది మన నాలుక ఒక్కటే కాదు, మొహమాటం కూడా. వద్దంటే అవతలివాళ్ళు చిన్నబుచ్చుకుంటారేమో అన్న భయం. కొన్నేళ్ళుగా చూసి చూసి నాకు అర్థమైంది ఏమిటంటే, పెట్టేవాళ్ళకు కావలసింది మనం లడ్డూ తినడం కాదు. తమ ఇంట మనం ఏదో ఒకటి తృప్తిగా తిన్నామన్న సంతోషం. అందుకే ఉత్తినే "వద్దు" అంటే వాళ్ళ చెయ్యి గాల్లో ఆగిపోతుంది. ఆ చేతికి వేరే పని చెప్పండి, ఎంత మార్పు వస్తుందో చూడండి!

"వదినా, స్వీటొద్దుగానీ ఆ వంకాయ కూర ఇంకొంచెం వెయ్యి, బాగా కుదిరింది."

"అత్తా, నాకు గట్టి పెరుగు ఒక గరిటెడు పెట్టవూ?"

"చిన్నమ్మా, చక్కెర వెయ్యని పాలు ఒక గ్లాసు ఇస్తే చాలు, ఎండన పడి వచ్చాను."

ఇలా అడిగి చూడండి. అడిగి పెట్టించుకున్న చుట్టాన్ని చూసి నొచ్చుకునే ఇల్లాలు ఉండదు. పైగా "చూశావా, నా కూర అడిగి మరీ వేయించుకుంది" అని పదిమందికి చెప్పుకుంటుంది కూడా. వద్దన్న లడ్డూ ఎవరికీ గుర్తుండదు, అడిగిన కూరే గుర్తుంటుంది.

రెండో సంగతి. చెప్పేది ఒక్క ముక్కలో చెప్పెయ్యాలి. "ఈమధ్య కొంచెం ఇదిగా ఉంటోంది, డాక్టరు కూడా ఏదో అన్నాడు, చూద్దాంలే..." అని నానిస్తే అవతలివాళ్ళకు సందు దొరుకుతుంది. ఆ సందులోంచే గులాబ్ జామూన్ గిన్నెలోకి వచ్చేస్తుంది. "నాకు షుగరుంది, నేను తీపి తినను" అని నవ్వుతూ, మెల్లగా, ఒకేసారి చెప్పండి. మళ్ళీ బలవంతం చేస్తే మళ్ళీ అదే మాట, అదే నవ్వు. కొత్త కారణాలు వెతకొద్దు. కారణం చెప్పినకొద్దీ దానికి జవాబు వస్తుంది. చెప్పిన మాటే చెబితే జవాబు ఉండదు.

షుగరుందని చెప్పుకోవడానికి కొందరికి నామోషీ. ముఖ్యంగా వియ్యాలవారింట్లో, కొత్త చుట్టరికాల్లో. "పిల్ల తల్లికి షుగరట" అనుకుంటారని దాస్తారు. అలాంటి చోట "నేను చక్కెర మానేశాను" అంటే చాలు. ఎందుకు మానేశారన్నది మన ఇష్టం. కానీ ఇంట్లో ఒకరిద్దరికైనా, వెంట వచ్చిన వాళ్ళకైనా తెలిసి ఉండాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

ప్రసాదం మాటేమిటి అంటారా? అనంతగిరి పద్మనాభస్వామి గుడికి వెళ్తాం, తాండూరు భద్రేశ్వరస్వామి జాతరకు వెళ్తాం. ప్రసాదం కాదనలేం. చిటికెడు వేలికి అద్దుకుని, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటే ప్రసాదం తీసుకున్నట్టే. దొన్నెడు తింటేనే పుణ్యమని ఎక్కడా లేదు. మిగిలింది వెంట ఉన్న పిల్లల చేతిలో పెట్టండి. ఉగాది పచ్చడి కూడా అంతే, ఒక్క చెంచాతో షడ్రుచులూ తెలుస్తాయి.

మా వీధిలో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. రంజాన్ పండక్కి షీర్ ఖుర్మా రాని ఏడాది లేదు. నా సంగతి తెలిశాక మా పక్కింటి ఆపా, చక్కెరా ఖర్జూరాలూ వెయ్యకముందే వేయించిన సేమ్యా, పాలు, బాదం పలుకులతో ఓ చిన్న గిన్నెడు నాకోసం విడిగా తీసి పంపుతుంది. సేమ్యా కూడా పిండిపదార్థమే కనుక అదీ కొంచెమే తింటాను. ఒక్కసారి చెబితే చాలు, అర్థం చేసుకునే వాళ్ళు మనం అనుకున్నదానికన్నా ఎక్కువమందే ఉంటారు.

మన పండగల్లోనే దారి ఉంది

పండగంటే తీపి ఒక్కటే అనుకుంటాం గానీ, మన పెద్దవాళ్ళు అన్నీ పెట్టారు. సద్దుల బతుకమ్మ రోజు తట్టలో ఏముంటాయో గుర్తు చేసుకోండి. మలీద ముద్దలు, సత్తుపిండి తీపివే. కానీ పక్కనే చింతపండు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది ఉంటాయి. మలీద పిల్లలకు పంచి, మనం పెరుగన్నం ఒక ముద్ద తినొచ్చు. శ్రావణమాసం వాయినంలో నానబెట్టిన శనగలు ఇస్తారు. షుగరున్న వాళ్ళకు అంతకంటే మంచి వాయినం ఏముంటుంది! తాలింపు వేసి గుగ్గిళ్ళు చేసుకుంటే సాయంత్రం ఫలహారం అయిపోతుంది.

పెళ్ళి భోజనంలో ఒక చిన్న పద్ధతి పాటించండి. ముందు కూరలు, పప్పు, ఉంటే కీరా ముక్కలు తినండి. ఆ తర్వాతే బగారా అన్నం జోలికి వెళ్ళండి. ఇలా వరస మార్చి తింటే అన్నంలోని పిండిపదార్థం రక్తంలో చక్కెరగా మారడం నెమ్మదిస్తుంది. తీపి మానేసి దాని బదులు అన్నం రెండింతలు తింటే ఏం లాభం? అన్నం కూడా చివరకు చక్కెరగానే మారుతుంది. భోంచేశాక కుర్చీలో కూలబడి కబుర్లు చెప్పకుండా, ఆ కబుర్లేవో ఫంక్షన్ హాలు చుట్టూ పావుగంట నడుస్తూ చెప్పుకోండి. తిన్నాక నడిస్తే చక్కెర అంతగా ఎక్కదు.

విందుకు వెళ్తున్నాం కదా అని పొద్దుటినుంచి కడుపు మాడ్చుకుని వెళ్ళడం ఇంకో అలవాటు. నకనకలాడే ఆకలితో పంక్తిలో కూర్చుంటే ముందు చెయ్యి వెళ్ళేది తీపి మీదికే. ఇంట్లోనే సగం జొన్నరొట్టె, కాస్త పప్పు తిని బయల్దేరితే మనసు మన మాట వింటుంది.

కళ్ళకు కనపడని తీపి గురించి కూడా కనిపెట్టి ఉండాలి. పప్పుచారులో, పులుసులో బెల్లం ముక్క వేస్తారు. కర్ణాటక వైపు వెళ్తే హోటల్ సాంబారు తియ్యగా ఉంటుంది. టమాటా సాసులో చక్కెర ఉంటుంది. చాలా కూల్ డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే 250 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి తాగితే ఆరు చెంచాల చక్కెర గొంతు దిగినట్టే. పెళ్ళిళ్ళలో లోపలికి రాగానే చేతిలో పెట్టే రంగు షర్బత్తుకూ దణ్ణం పెట్టండి, మంచినీళ్ళడగండి.

మిఠాయి దుకాణాల్లో షుగర్ ఫ్రీ మిఠాయిలని అమ్ముతున్నారు. అందులో చక్కెర లేకపోవచ్చు. కోవా, నెయ్యి, మైదా ఉండనే ఉంటాయి కదా! పేరు చూసి పావుకిలో తినేయకండి. చక్కెరకు బదులు వాడే తీపి మాత్రలు, పొడుల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో, బరువు తగ్గడం కోసం వాటి మీద ఆధారపడవద్దని చెప్పింది. ఆ సలహా అప్పటికే షుగరున్న వాళ్ళను ఉద్దేశించింది కాదు. మనలాంటి వాళ్ళు డాక్టరుగారిని అడిగి వాడుకోవచ్చు. నన్నడిగితే, నాలుకను తీపికి కొంచెం కొంచెంగా దూరం చేస్తేనే నయం. టీలో రెండు చెంచాల నుంచి ఒకటి, ఒకటి నుంచి అర, తర్వాత సున్నా. కొన్ని వారాలు గడిచాక చక్కెర వేసిన టీ మనకే వెగటుగా ఉంటుంది.

మానేసిన వాళ్ళ సంచీలోనే చక్కెర ఉండాలి!

ఇది చదివి నవ్వకండి, ఈ వ్యాసం అంతట్లో ముఖ్యమైన సంగతి ఇదే.

ఇన్సులిన్ వేసుకునే వాళ్ళకు, కొన్ని రకాల షుగరు మాత్రలు మింగేవాళ్ళకు చక్కెర ఎక్కువ కావడం ఒక్కటే ప్రమాదం కాదు, పడిపోవడం కూడా ప్రమాదమే. పెళ్ళి రోజు ఏం జరుగుతుంది? పొద్దున్నే మాత్ర వేసుకుని బయల్దేరతాం. ముహూర్తం పన్నెండు దాటుతుంది. మగపెళ్ళివారు తినాలి, పెద్దలు తినాలి, ఫొటోలు కావాలి. మన పంక్తి వచ్చేసరికి మూడు. కడుపులో తిండి లేదు, మందు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. రక్తంలో చక్కెర 70 కంటే దిగిపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడ, విపరీతమైన ఆకలి, కళ్ళు మసకలు, మాట తడబాటు. చూసేవాళ్ళు "ఎండకు వడదెబ్బ తగిలింది" అనుకుని విసరడం మొదలుపెడతారు. కానీ అప్పుడు కావలసింది విసనకర్ర కాదు, చక్కెర.

మూడు టీ చెంచాల చక్కెర గానీ గ్లూకోజు పొడి గానీ నీళ్ళలో కలిపి వెంటనే తాగించాలి. అంటే సుమారు 15 గ్రాములు. పావుగంట ఆగి, మిషన్ ఉంటే పరీక్ష చెయ్యాలి. ఇంకా 70 దాటకపోతే మరోసారి ఇవ్వాలి. తేరుకున్నాక రొట్టెనో అన్నమో పెట్టాలి. అప్పుడు "చక్కెర మానేశానుగా" అని పట్టింపుకు పోకూడదు, అది తిండి కాదు, మందు. మనిషి స్పృహ తప్పితే మాత్రం నోట్లో నీళ్ళూ చక్కెరా పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

వెంట ఉన్న వాళ్ళకు మన షుగరు సంగతి తెలిసి ఉండాలని ఇందాక అన్నది ఇందుకే. చుట్టాల ముందు దాచుకోండి, పక్కన కూర్చున్న ఆడబిడ్డ దగ్గర, యారాలి దగ్గర దాచకండి. భోజనం ఆలస్యమయ్యేట్టుంటే మొహమాటపడకుండా వంటవాళ్ళ దగ్గరికెళ్ళి ఒక ఇడ్లీయో రొట్టెముక్కో అడిగి తినండి. లేదా సంచీలో తెచ్చుకున్నది తినండి. మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, ఆ రోజు భోజనం వేళ మారితే ఏం చెయ్యాలి అన్నది ముందే డాక్టరుగారిని అడిగి పెట్టుకోండి.

రైలెక్కేటప్పుడు

మా వికారాబాద్ నుంచి తాండూరుకు రైల్లో పెద్ద దూరమేం కాదు. ధారూరు దాటితే ఇల్లు వచ్చినట్టే ఉంటుంది. అంత చిన్న ప్రయాణంలో కూడా "చాయ్ చాయ్" అని రెండు మూడుసార్లు వస్తారు. ఆ చాయ్‌లో చక్కెర ముందే కలిసి ఉంటుంది. మిషన్ టీలో పొడిలోనే కలిపేస్తారు. "చక్కెర లేకుండా ఇవ్వు బాబూ" అంటే వాళ్ళు మాత్రం ఎక్కడినుంచి తెస్తారు! అందుకే ఒక చిన్న ఫ్లాస్కులో ఇంటి టీ పోసుకుని వెళ్ళడం మేలు.

అసలు తిప్పలు దూరప్రయాణంలో. మా వైపు నుంచి ముంబయి, పుణె వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు చాలామంది. పిల్లల దగ్గరికనీ, పురుళ్ళకనీ వాడి, కలబురగి, సోలాపూర్ మీదుగా రాత్రంతా ప్రయాణం. ప్లాట్‌ఫారం మీద దొరికేవి బిస్కెట్లు, బన్నులు, కేకులు, కూల్ డ్రింకులు. మంచి బిస్కెట్లని ప్యాకెట్ మీద ఏం రాసినా, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న జాబితా చదవండి. ఏది ఎక్కువ వేశారో అది ముందు రాస్తారు. మైదా, చక్కెర మొదటి వరసలో ఉంటే తిరిగి ఇచ్చెయ్యండి. గ్లూకోజు సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్ అని ఉన్నా చక్కెరకు చుట్టాలే అనుకోండి.

దేవుడు మా ప్రాంతానికి ప్రయాణపు తిండి ముందే ఇచ్చాడు. జొన్నరొట్టె! పల్చగా చేసి, సన్నని సెగ మీద గలగలలాడేట్టు ఎండబెట్టిన రొట్టెలు వారం పది రోజులైనా చెడవు. పల్లీల కారం పొడి తోడుంటే కూర అక్కర్లేదు. కర్ణాటక, సోలాపూర్ వైపు వాళ్ళకూ ఇదే అలవాటు. జొన్న మంచిదే, కానీ అది కూడా ధాన్యమే, రొట్టెలు లెక్కపెట్టుకునే తినాలి సుమా! ఇక మా తాండూరు కందుల గురించి చెప్పనే అక్కర్లేదు. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు, అదే జి.ఐ. ట్యాగు, వచ్చింది. ఆ పప్పు వేయించి కొట్టిన పొడి ఒక సీసాలో పోసుకుంటే పెరుగుతోనైనా, రొట్టెతోనైనా కడుపు నిండుతుంది.

నా ప్రయాణపు సంచీలో ఏముంటాయో చెబుతాను, కావాలంటే రాసుకోండి:

ఎండు జొన్నరొట్టెలు, మనిషికి పూటకు రెండు చొప్పున.
పల్లీల కారం, కందిపప్పు పొడి.
వేయించిన శనగలు, కొన్ని పల్లీలు.
కీరా దోసకాయలు రెండు, జామకాయ ఒకటి.
చక్కెర లేని టీ ఫ్లాస్కు, మంచినీళ్ళు.
మందులు, మందుల చీటీ, షుగరు చూసే మిషను.
చిన్న కాగితం పొట్లంలో చక్కెర. ఎందుకో ఇందాకే చెప్పాను.

ఇన్సులిన్ వాడేవాళ్ళు దాన్ని సీటు కింద పెట్టెలో పెట్టకండి, భుజాన ఉండే సంచీలోనే ఉంచుకోండి. వాడుతున్న సీసా మామూలుగా ఇంటి చల్లదనంలో సుమారు నాలుగు వారాలు ఉంటుంది. కానీ ఎండలో నిలిపిన కారులో గానీ, మంచుగడ్డకు ఆనించి గానీ ఉంచితే పాడవుతుంది. వేసవిలో చిన్న థర్మాస్‌లో, మంచు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి పెట్టుకోవచ్చు.

పల్లీల కారం పొడి

కావలసినవి: పల్లీలు ఒక కప్పు, ఎండుమిరపకాయలు ఏడెనిమిది, వెల్లుల్లి రెబ్బలు పది, జీలకర్ర ఒక చెంచా, ఉప్పు తగినంత.

చేసే విధానం: పల్లీలు నూనె లేకుండా సన్నని సెగ మీద దోరగా వేయించి, చల్లారాక పొట్టు ఊదెయ్యాలి. మిరపకాయలు, జీలకర్ర విడిగా వేయించుకోవాలి. ముందు మిరపకాయలు, జీలకర్ర, ఉప్పు దంచి, తర్వాత పల్లీలు, చివరగా వెల్లుల్లి వేసి కచ్చాపచ్చాగా దంచాలి. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పండి, ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. కొందరు రుచికని బెల్లం ముక్క వేస్తారు, మనకది వద్దు.

శ్రీమంతం పీటల మీద

ఇంకొక్క సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. గర్భిణికి ఏడో నెలో తొమ్మిదో నెలో శ్రీమంతం చేస్తాం. గాజులు తొడిగి, పూలు పెట్టి, వచ్చిన ప్రతి ముత్తయిదువా ఒక మిఠాయి నోట్లో పెడుతుంది. ఇరవై మంది వస్తే ఇరవై ముక్కలు! కడుపుతో ఉన్నప్పుడు కొందరికి షుగరు కొత్తగా కనపడుతుంది. గ్లూకోజు నీళ్ళు తాగించి, రెండు గంటల తర్వాత చేసే పరీక్షలో 140, ఆపైన వస్తే జాగ్రత్త పడాలంటారు. పట్టించుకోకపోతే బిడ్డ కడుపులోనే మరీ బరువు పెరిగి కాన్పు కష్టమవుతుంది. పుట్టిన బిడ్డకు చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. కాన్పు తర్వాత షుగరు తగ్గిపోయినా, ఆ తల్లికి ముందు ముందు మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ.

ఆ పిల్ల పీటల మీద కూర్చుని "వద్దు" అనగలదా? అత్తగారి వైపు వాళ్ళు, అమ్మ వైపు వాళ్ళు చుట్టూ నిలబడి ఉంటారు. ఆమె తరఫున మనమే చెప్పాలి. మొదటి ముత్తయిదువ ఒక చిటికెడు పెడితే శాస్త్రం తీరుతుంది. మిగతావాళ్ళు అక్షింతలు వేసి, పండో పువ్వో చేతిలో పెట్టి దీవించవచ్చు. ఇంటి పెద్దావిడ ముందుగానే నిలబడి "మా కోడలికి డాక్టరమ్మ తీపి వద్దంది, అందరూ దీవెనలు మాత్రం గట్టిగా పెట్టండి" అని ఒక్క మాట అంటే చాలు. ఆ ఒక్క మాటతో పిల్లా, కడుపులో బిడ్డా బతికిపోతారు.

ఇక మనమే పెట్టేవాళ్ళమైతే

ఇప్పటిదాకా చుట్టంలా మాట్లాడాను, ఇక ఇంటావిడలా మాట్లాడతాను. నిజానికి ఏడాదిలో మనం తినడానికి వెళ్ళే రోజులకన్నా మన చేత్తో పెట్టే రోజులే ఎక్కువ.

టీ చక్కెర లేకుండా కాచి, చక్కెర గిన్నె పక్కన పెట్టండి. కావలసిన వాళ్ళు కలుపుకుంటారు. విస్తట్లో అడగకుండా తీపి వడ్డించకండి. వడ్డించాక వద్దనడమంటే పారెయ్యడమే, పారెయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది? పళ్ళెంలో పెట్టి చూపించి, తీసుకున్న వాళ్ళకే పెట్టండి. పేరంటంలో తీపితోపాటు గుగ్గిళ్ళో, జామ ముక్కలో, మజ్జిగో ఉంచండి. వద్దన్న మనిషిని "ఎందుకు, ఏమైంది, ఎంతుంది, ఎప్పటినుంచి?" అని పదిమందిలో ఆరా తీయకండి. మిగిలిన మిఠాయి పారెయ్యలేక రాత్రి గిన్నె ముందు మనమే కూర్చుని ఖాళీ చెయ్యడం ఒకటుంది చూశారూ, దానికి మందు ఒక్కటే. పండగ సాయంత్రమే డబ్బాల్లో సర్ది, పనిమనిషికీ, వీధిలో పిల్లలకూ పంచెయ్యడం.

మా ఇంట్లో ఒక మాట మార్చేశాం. "ఒక్కటి తింటే ఏమైతది" అన్న మాటకు బదులు "నీకేం పెట్టమంటావు?" అని అడుగుతాం. మొదట్లో వచ్చినవాళ్ళు కాస్త తికమకపడేవాళ్ళు. తర్వాత మెల్లగా నోరు విప్పుతున్నారు. ఒకరు పెరుగడుగుతారు, ఒకరు నీళ్ళచారు అడుగుతారు, ఒకరు చిన్నగా "అక్కా, నాక్కూడా షుగరొచ్చింది, ఎవరికీ చెప్పలే" అంటారు. అడిగితేనే కదండీ తెలిసేది!

మీ ఇళ్ళల్లో పండక్కి తీపి లేకుండా చేసే వంటకాలుంటే నాకు రాసి పంపండి, మన పేజీలో అందరం పంచుకుందాం. వచ్చే వారం వేసవి వడియాల సంగతులతో కలుస్తాను. అంతవరకూ, సంచీలో చక్కెర పొట్లం మాత్రం మరవకండేం!